కుడిపక్క దీర్ఘం

ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో తొమ్మిదేళ్లుగా నేనొక కథ చెబుతూ వచ్చాను. మధ్యాహ్న భోజనం అయ్యాక, అందరి కళ్లూ మూతలు పడుతుండే వేళ చెప్పేవాణ్ణి. ఈ కథ మొదలుపెడితే ఎవరూ నిద్రపోయేవారు కాదు.

కథ ఇది. తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి జహీరాబాద్‌లో మా బడికి వచ్చింది. అంతకుముందు బడి మొహం చూడలేదు. వయసును బట్టి నాలుగో తరగతిలో కూర్చోబెట్టాం. ఉక్తలేఖనం రాయిస్తే అక్షరాలు వెనకాముందు చేసేది, ఉండకూడని చోట గీతలు పెట్టేది. మిగతావాళ్లు మొద్దు అనుకున్నారు. నేను మాత్రం, అంతకు నెల ముందే విద్యా మనోవిజ్ఞానం మీద శిక్షణ పొంది వచ్చాను కాబట్టి, చెక్‌లిస్టు తీసి చూశాను. ఆమెది డిస్లెక్సియా అని, చదవడం రాయడం కష్టమయ్యే లోపమని గుర్తుపట్టాను. ఇసుకలో వేలితో రాయించాను. బంకమట్టితో అక్షరాలు చేయించాను. ఎనిమిది నెలలు తిరిగేసరికి పాఠం గడగడా చదివింది. ఇక్కడికి రాగానే సంచిలోంచి లామినేషన్ చేయించిన కాగితం ఒకటి తీసి పైకెత్తి చూపేవాణ్ణి. ఆ పిల్ల మొదటి ఉక్తలేఖనం అది. పదకొండు చోట్ల నేను చుట్టిన ఎర్ర సున్నాలు. చప్పట్లు కొట్టేవారు. ఒక మేడం ఒకసారి కళ్లు తుడుచుకుంది.

ఆ కథలో ఆ కాగితం ఒక్కటే నిజం.

ఈ మధ్య ఒక ఆదివారం పొద్దున ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. పందొమ్మిదేళ్లు ఉంటాయిప్పుడు. గేటు దగ్గర నిలబడి, చెప్పులు విడవాలా వద్దా అన్నట్టు చూస్తోంది. ఎవరో తెలియక కళ్లజోడు సర్దుకున్నాను.

"నమస్తే సార్. గుర్తువట్టలే గద. నేను సార్, మీ స్పెషల్ బెంచి."

నవ్వుతూనే అంది. నాకు మాత్రం చేతిలో చాయ్ కప్పు ఎక్కడ పెట్టాలో తోచలేదు.

కూర్చోమంటే కూర్చోలేదు. బస్టాండు దగ్గర ఒక జిరాక్సు దుకాణంలో పని చేస్తున్నానని చెప్పింది. పదో తరగతి మధ్యలో మానేసిందట. ఇప్పుడు ఓపెన్ స్కూల్లో పది రాద్దామనుకుంటోంది.

"పదో తరగతి ఫారాలు నేనే మస్తుమందికి నింపిన సార్. ఒక్కటి నాకు నింపుకుందామనిపిచ్చింది. నా అసోంటోళ్లకు పరీక్షల గంట ఎక్కువిస్తరంట గద. దానికి దవాఖానల చూపిచ్చుకోవాలె. చిన్నప్పటి సంది ఉన్నట్టు బడి నుంచి ఏమన్న కాయితం ఉందా అని ఆడ అడిగిన్రు. మీరే గద సార్, మొట్టమొదలు కనుక్కున్నది. జర రాసియ్యుండ్రి."

మొట్టమొదలు కనుక్కున్నది. శిక్షణల్లో నన్ను పరిచయం చేసేవాళ్లు కూడా అదే మాట అనేవారు.

ముద్ర బడిలో ఉందని, బుధవారం రమ్మని చెప్పాను. ముద్ర అవసరం లేని సంగతి నాకు తెలుసు. ఫారానికి శుక్రవారమే ఆఖరు అని చెప్పి, చెప్పులు విడవకుండానే వెళ్లిపోయింది.

అప్పటికే నా బల్ల మీద ఇంకో కాగితం ఉంది. ఉపాధ్యాయుల కోసం తయారవుతున్న కరదీపిక ప్రూఫు. అందులో రెండు పేజీల్లో నా కథ. పైన 'ఒక ప్రధానోపాధ్యాయుడి విజయగాథ' అని శీర్షిక. కింద సంతకానికి ఖాళీ. వారంలోగా పంపమన్నారు. ఒక కాగితం అచ్చయ్యేది, ఒకటి నేను రాయవలసింది. రెండూ ఒకే అబద్ధాన్ని అడుగుతున్నాయి.

ఆ పూట ఇంట్లో నిలవలేకపోయాను. హైవే దాకా నడిచాను, ముంబై వైపు పోయే లారీలను చూస్తూ కాసేపు నిలబడ్డాను, తిరిగి వచ్చాను. లామినేషన్ కాగితం సంచిలోంచి తీశాను, మళ్లీ పెట్టేశాను. పావుగంటకు మళ్లీ తీశాను. అన్నం ముందు కూర్చుని లేచాను. ఎక్కడ మొదలైందో ఒకసారి సరిగ్గా గుర్తు చేసుకుంటే కుదురుతానేమో అనుకున్నాను. గుర్తుకొచ్చింది గానీ కుదురు రాలేదు.

బడులు తెరిచిన వారం అది. పిల్లను వాళ్ల అవ్వ తీసుకొచ్చింది. న్యాల్‌కల్ వైపు ఊరు వాళ్లది. టౌను పక్క అల్లం మడుల్లో కూలికి వచ్చేది ఆ ముసలామె. ప్రవేశ రిజిస్టరు ముందు పెట్టుకుని నేను అడిగాను.

"ఇంతకు ముందు ఏ బడిల చదివింది, అవ్వా?"

"బీదర్ దిక్కు సార్. వీళ్లమ్మ నాయిన చెరుకు కొట్టనీకి పోయి మూడేండ్లు ఆడ్నే ఉండిన్రు. పిల్ల మూడు దాక ఆడ్నే చదివింది."

"టీసీ ఉందా?"

"గదేంది సార్?"

"బడోళ్లు ఇచ్చే కాయితం."

"కాయితం ఎవలిస్తరు సార్. పొద్దుగాల లేసిన్రు, సామాన్ బండ్లేసిన్రు, వచ్చిన్రు."

"కాయితం లేకుంటే చదవనట్టే, అవ్వా."

ఆమె నా మొహం చూసింది, పిల్ల మొహం చూసింది. "అట్లనే రాసుకో సార్. పిల్ల నీడకు కూసుంటే సాలు," అంది.

'గతంలో చదివిన బడి' అన్న గడిలో 'లేదు' అని రాశాను. కోపంతో కాదు, సులువని రాశాను. పక్క రాష్ట్రం బడికి ఉత్తరం రాసి, జవాబు కోసం ఎదురుచూసి, అదంతా నడిపే ఓపిక లేదు. పైగా ఆ వారం, అసలు బడికి పోని పిల్లల్ని వెతికి చేర్పించమని మాకు ఆదేశం. నా జాబితాలో ఒక పేరు తక్కువ పడుతోంది. ఆ గడిలో ఒక్క మాటతో రెండు పనులూ అయిపోయాయి. నేను రాస్తున్నంతసేపూ ఆ పిల్ల గోడ మీది అక్షరమాల పటం చూస్తూ పెదవులు కదుపుతోంది. అదీ చూశాను.

రెండు వారాల తర్వాత ఉక్తలేఖనం. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, కోడి కూసింది, నీళ్లు తోడాలి, ఇలా ఎనిమిది వాక్యాలు చెప్పాను.

తెలుగు, కన్నడ లిపులు అక్కాచెల్లెళ్ల లాంటివని మా జహీరాబాద్‌లో ఎవరినడిగినా చెబుతారు. బీదర్ బస్సుల బోర్డులు రోజూ చూస్తాం. కానీ పోలికలు కనబడ్డంత తొందరగా తేడాలు కనబడవు. తెలుగులో 'నీ' రాస్తే దీర్ఘం అక్షరం నెత్తిన కూర్చుంటుంది. కన్నడంలో అది దిగి వచ్చి అక్షరానికి కుడిపక్కన విడిగా నిలబడుతుంది. 'కో'కు, 'చే'కు కూడా అంతే. 'కా'కు, 'కూ'కు అలా ఉండదు. సూర్యుడిలోని రకారాన్ని మనం ముందు రాసి కింద యకారం ఒత్తు పెడతాం. వాళ్లు యకారం రాసి, రకారాన్ని దాని వెనక ఒక గుర్తుగా తగిలిస్తారు. మన పాత అచ్చు పుస్తకాల్లోనూ అలాగే ఉండేది. మా తాత పెట్టెలోని పుస్తకాల్లో చిన్నప్పుడు నేనే చూశాను.

ఆ పిల్ల సగం అక్షరాలు మా బడి గోడల మీద నేర్చుకున్నవి, సగం తన పాత బడివి కలిపి రాసింది. నా చేతిలో చెక్‌లిస్టు ఉంది. 'అక్షరాల క్రమం తారుమారు చేయడం.' సూర్యుడు, తూర్పు చూసి అవునని టిక్కు పెట్టాను. 'అనవసరమైన గుర్తులు చేర్చడం.' కోడి, నీళ్లు చూసి మరో టిక్కు. వెతికిందే దొరికింది. శిక్షణలో కొత్తగా నేర్చుకున్న మాటను ఎవరి మీదో ఒకరి మీద వాడాలని చెయ్యి దురదగా ఉండేది. ఆ సంవత్సరం నాకు అలాంటి పిల్ల అవసరమైంది.

ఇది చదివే ఉపాధ్యాయులకు ఒక మాట చెప్పాలి. డిస్లెక్సియా లేదని నేను అనడం లేదు. ఉన్న పిల్లలు ఉన్నారు, వాళ్లను గుర్తించక మొద్దులని కొట్టిన బడులూ ఉన్నాయి. నా తప్పు వేరు. చెక్‌లిస్టు అనుమానం పుట్టించడానికి మాత్రమే. నేను దానితో తీర్పు చెప్పాను. ఆ కాగితాన్ని ఐదు నిమిషాలు నిదానంగా చూసి ఉంటే ఒక సంగతి తెలిసేది. కుడిపక్క గీత ఎక్కడ పడితే అక్కడ లేదు. 'నీ'కు ఉంది, 'నా'కు లేదు. 'కో'కు ఉంది, 'కూ'కు లేదు. ఒక్కసారి కూడా తప్పలేదు. పిల్లలు చేసే తప్పు అంత క్రమంగా ఉందంటే వాళ్లకు ఏదో తెలియదని కాదు, మనకు తెలియనిదేదో వాళ్లకు తెలుసని. పాఠ్య ప్రణాళికలో 'పూర్వజ్ఞానం' అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా వదిలితే నేను టీచర్ల మీద కేకలేసేవాణ్ణి. ఆ పిల్ల పూర్వజ్ఞానం గడిలో 'లేదు' అని రాసింది నేనే.

కిటికీ పక్కన ఒక బెంచి వేసి దానికి స్పెషల్ బెంచి అని పేరు పెట్టాం. సంక్రాంతి ముందు అవ్వ ఒకసారి బడి ముందు ఆగింది. ఒడిలో పచ్చి శనగ కొమ్మలు.

"మా పిల్ల స్పెషల్ అంటున్నరంట గద సార్. వాడకట్టంత చెప్పిన. తినుండ్రి."

ఆమె ఆ మాటను ఎలా అర్థం చేసుకుందో నాకు తెలిసింది. సరిదిద్దలేదు. శనగలు తిన్నాను.

ఇంకో రోజు సాయంత్రం బడి వదిలాక రోడ్డు దాటిస్తున్నాను. బీదర్ బస్సు వచ్చి ఆగింది. ఆ పిల్ల తలెత్తి బోర్డు మొత్తం చదివింది, మధ్యలో ఆగే ఊళ్లతో సహా. ఆ బస్సు రోజూ చూస్తుంది కాబట్టి ఊళ్ల పేర్లు నోటికి వచ్చి ఉంటాయనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా, అనుకోవాలని అనుకున్నానా అన్నది ఇప్పుడు చెప్పలేను.

ఎనిమిది నెలల్లో చదివిన మాట వాస్తవమే. మూడేళ్లు ఒక లిపిలో చదివిన పిల్ల దాని చెల్లెలి లాంటి లిపి నేర్చుకోవడానికి అంతకన్నా ఎక్కువ కాలం పట్టదు. ఇసుకా మట్టీ లేకపోయినా నేర్చుకునేది. వేళ్లకు మట్టి అంటుకుని తక్కిన పిల్లలు నవ్వేవారు, అదొక్కటే అదనం.

చదవడం వచ్చాక బెంచి తీసేశాం. పేరు తీయలేదు. పై తరగతులకు వెళ్తుంటే, ఈ పిల్లను లేపి చదివించవద్దు, ఇబ్బంది పెట్టవద్దు అని నేనే ప్రతి టీచరుకూ చెప్పేవాణ్ణి. హైస్కూలుకు వెళ్లేటప్పుడు కాగితం మీద కూడా రాసిచ్చాను. అందరూ మంచివాళ్లు. మాట విన్నారు. వరసగా ఒక్కొక్కరినీ చదవమంటూ వచ్చి, ఆమె దగ్గరికి రాగానే దాటేసి పక్క పిల్లను లేపేవారు. అలా దాటేసినప్పుడల్లా ఒక మాట చెప్పినట్టే: నీకు రాదు. కోప్పడి చెబితే పిల్లలు ఒక్కోసారి ఎదురు తిరుగుతారు. జాలిపడి చెబితే నమ్ముతారు.

తెలియక చేశానని ఇక్కడితో ఆపేయగలిగితే బాగుండేది.

ఆరేళ్ల కిందట కోహీర్ వైపు ఒక శిక్షణలో ఈ కథ చెప్పాను. అప్పట్లో ఆ కాగితాన్ని వరసల్లో తిప్పేవాణ్ణి. చాయ్ విరామంలో సరిహద్దు ఊరి టీచరు ఒకాయన దాన్ని చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నవ్వుమొహం. తప్పు పట్టాలని వచ్చినవాడు కాదు.

"సార్, ఇది కన్నడం గద. మా అమ్మ గిట్లనే రాస్తది. సూర్యుణ్ణి మంచిగనే రాసింది పిల్ల."

నేను చాయ్ ఊదుకుంటూ, "కొంత ప్రభావం ఉంటే ఉండొచ్చు," అన్నాను. ఆయన తలూపి వెళ్లి బిస్కెట్లు తీసుకున్నాడు.

ఆ క్షణంలో అవ్వ మాట, బస్సు బోర్డు, గోడ పటం ముందు కదిలిన పెదవులు అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి నిలబడ్డాయి. నాకు తెలిసిపోయింది. మధ్యాహ్నం సెషన్ కొనసాగించాను. ఆ తర్వాత చేసింది ఇది: కాగితాన్ని చేతులకు ఇవ్వడం మానేశాను, వేదిక మీద నుంచి దూరంగా ఎత్తి చూపేవాణ్ణి. కథలో 'అంతకుముందు బడి మొహం చూడలేదు' అన్న మాటను ఇంకొంచెం నొక్కి చెప్పేవాణ్ణి.

బుధవారం దాకా ఆగలేకపోయాను. మంగళవారం సాయంత్రం బడి నుంచి నేరుగా జిరాక్సు దుకాణానికి వెళ్లాను. ముందు నలుగురున్నారు. చిరాగ్‌పల్లి ఆడమనిషి ఒకామె ఆధార్ కాపీల కోసం, కాలేజీ పిల్లలు ఇద్దరు, తలకు రుమాలు చుట్టిన ముసలాయన ఒకడు. ముసలాయన మాటలో సగం కన్నడం. ఆమె అదే మాటలో అడిగి, తెలుగులో ఫారం నింపుతోంది.

"వయసెంత తాతా?"

"నీకెంత బుద్ధైతే అంత రాయి బిడ్డా."

"ఆధార్‌ల ఎంతుంటే అంత రాస్త. నా బుద్ధిది రాస్తె నీకు పింఛను రాదు."

పెన్ను ఎక్కడా ఆగడం లేదు. నేను బయట మెట్టు ఎక్కుతూ దిగుతూ ఉన్నాను. రెండుసార్లు వెళ్లిపోదామని రోడ్డు దాకా వచ్చాను.

"సార్, మీరు బుధవారం అన్నరు. ఇయ్యాల మంగళారం," అంది నన్ను చూసి. "కాయితం తెచ్చిన్రా?"

"తెచ్చిన. చూడు."

లామినేషన్ కాగితం ఇచ్చాను. వెలుతురుకు పట్టుకుని చదివింది. ఎవరి ఫారమో చదివినట్టు, ఎక్కడా తడబడకుండా ఎనిమిది వాక్యాలూ చదివేసి నవ్వింది.

"ఎవలు రాసిన్రు సార్ ఇది? సగం కన్నడం, సగం తెలుగు. కిచిడీ లెక్కుంది."

"నువ్వే. నాలుగో తరగతిల."

మళ్లీ చూసింది. ఈసారి నిదానంగా. పెన్ను మూతతో ఒక్కో ఎర్ర సున్నా మీద తడుతూ పోయింది.

"ఇవెందుకు చుట్టిన్రు సార్? ఇది దీర్ఘం. ఇదీ దీర్ఘమే. కుడిపక్క పెట్టిన, గంతే. సూర్యుడు... సక్కగనే ఉన్నడు." చివరి వాక్యం దగ్గర ఆగింది. "గీడ పాలు అని రాసేది పాళు అని రాసిన. గిది తప్పు. గిది చుట్టనే లేదు మీరు."

పదేళ్లలో ఆ కాగితాన్ని కొన్ని వందల మంది చూశారు. ఆ తప్పు నాతో సహా ఎవరికీ కనబడలేదు. నా చెక్‌లిస్టులో అది లేదు.

అప్పుడు చెప్పాను. మూడేళ్లు చదివి వచ్చిందని అవ్వ చెప్పిన మాట, నేను రాసిన 'లేదు', సున్నాలు, బెంచి, టీచర్లకు చెప్పినవి. వెనక యంత్రంలో కాగితాలు ఒకటొకటిగా పడుతున్నాయి. ఆమె వాటి వైపే చూస్తూ విన్నది.

"అయితే పదేండ్ల సంది నేను ఎవలి బీమారి మోసిన సార్?"

యంత్రం ఆగితే వెళ్లి మళ్లీ కాగితాలు పెట్టి వచ్చింది.

"ఎప్పుడు ఎరుకైంది మీకు?"

నిన్న అనవచ్చు. మొన్న నువ్వు వచ్చి వెళ్లాక అనవచ్చు. రెండూ నాలుక చివరి దాకా వచ్చాయి.

"ఆరేండ్లయింది."

వేళ్ల మీద లెక్క వేసుకుంది. "అప్పుడు నేను ఎనిమిదిల ఉన్న." ఇంకో రెండు వేళ్లు మడిచింది. "పదిల కొత్త సారొచ్చిండు. ఆయనకెవలూ చెప్పలే. లేసి చదువుమన్నడు. చదువలే నేను. నాకు బీమారుంది సార్ అన్న. క్లాసంత నవ్విన్రు. తెల్లారి సంది పోలే." కాగితాన్ని బోర్లా పెట్టింది. "మీరు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ దినం చదువుతుంటి."

కాలేజీ పిల్ల ఒకతి చిల్లర అడిగింది. ఇచ్చింది. ముసలాయన వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించింది. నేను నిలబడే ఉన్నాను.

"నీకు ఏ లోపం లేదు," అన్నాను.

"పెట్టనీకి మీరు డాక్టరు గాకపోతిరి. తీసెయ్యనీకి డాక్టరా?"

"కాదు. దవాఖానల చూపిచ్చుకో. ఈసారి నా మాట నమ్మకు."

"చెయ్యి వణుకుడు మాత్రం నిజమే సార్. మందివి ఎన్నైనా నింపుత. నా పేరు రాసుకోవాలంటే వణుకుతది. దానికేం కాయితం రాసిస్తరు?"

"దానికి నా దగ్గర కాయితం లేదు."

ఆమె తెల్ల కాగితం ఒకటి, పెన్ను ఒకటి నా ముందుకు జరిపింది. "మూడు దాక ఆడ చదివిన అని రాయుండ్రి. లేదు అని మీరు రాసింది తప్పని రాయుండ్రి. గది చాలు." దుకాణానికి వచ్చే అందరికీ చెప్పినట్టే, తేదీ ఎక్కడ, సంతకం ఎక్కడ అని వేలు పెట్టి చూపింది. నేను రాశాను. చదివి, ఒకచోట పొల్లు సరిగ్గా పడలేదని తిరిగి ఇచ్చింది. దిద్దాను.

గురువారం దవాఖానలో ఆమెతో చదివించి, రాయించి చూశారట. అలాంటిదేమీ కనబడలేదన్నారట. శుక్రవారం ఫారం నింపింది. అదనపు సమయం కావాలా అన్నచోట వద్దని రాసింది. పేరు రాయడానికి మూడు ఫారాలు పాడయ్యాయని తర్వాత చెప్పింది.

కరదీపిక వాళ్లకు ఫోన్ చేశాను. అవతల ఉన్నాయన చాలాసేపు నచ్చజెప్పాడు. "కథ మంచిగుంది సార్, ఎందుకు పాడు చేసుకుంటరు? పిల్ల పేరైతే లేదు గద, ఎవలడుగుతరు?" జరిగినదే రాసి పంపుతాను, అది వేయమన్నాను. విజయగాథల భాగంలో అది పట్టదన్నాడు. పట్టదని నాకూ తెలుసు. సంతకం చేయకుండా ప్రూఫు వెనక్కి పంపాను. వేసుకుంటారో లేదో తెలియదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నా నోట ఆ పాత కథ విన్నవాళ్లు, దాన్ని తమ బడుల్లో మళ్లీ చెప్పినవాళ్లు ఎందరో ఉంటారు. చెక్‌లిస్టు చేతిలో పట్టుకుని వాళ్లు ఎవరెవరి చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టారో నాకు తెలియదు. ఆ ఆలోచన వస్తే కూర్చున్నచోట కూర్చోలేను.

ఇది రాయవచ్చా అని ఆమెను అడిగాను.

"పేరు పెట్టకుండ్రి," అంది. "పాళు మాత్రం రాయుండ్రి సార్. గా తప్పు నాదే."

ఇంకొకటి కూడా అంది. సాయంత్రం దుకాణంలో గిరాకీ తగ్గాక అరగంట వచ్చి కూర్చోమంది. "నేను పైకి చదువుత. మీరు వినుండ్రి. మధ్యల మాట్లాడొద్దు. మంచిగ చదివినవ్ అని గిట్ల అననే వద్దు."

ఇప్పటికి పదిహేను రోజులుగా వెళ్తున్నాను. కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుంటాను. కాలు ఊపుతుంటే స్టూలు కిర్రుమంటుంది, ఆమె చదవడం ఆపి నా కాలి వైపు చూస్తుంది, ఆపేస్తాను. ఫారాలు చదివేటప్పుడు ఉండే వేగం పాఠం చదివేటప్పుడు ఉండదు. మొదటి వాక్యంలో మాట మాటకూ ఆగుతుంది. రెండో పేరాకు దారిలో పడుతుంది. గిరాకీ వస్తే లేచి, పని చూసి, వచ్చి ఆపినచోట వేలు పెడుతుంది.

నిన్న సైన్సు పాఠంలో 'కిరణజన్య సంయోగక్రియ' దగ్గర ఆగింది. కిరణ, అంది. మళ్లీ మొదటి నుంచి, కిరణ, అంది. ముప్పై ఏళ్లుగా పిల్లలు ఆగినచోటల్లా మాట అందించిన నోరు నాది. తెరుచుకుంది. ఆమె పుస్తకంలోంచి తలెత్తకుండానే ఎడమచేతి వేలు ఒకటి నా వైపు పైకెత్తింది.

నోరు మూసుకుని, కాలు కదపకుండా కూర్చున్నాను.